మంచం పట్టిన పెద్దవాళ్ల నోరు దేనితో శుభ్రం చేయాలి? బ్రష్షా, గాజ్ గుడ్డా, మౌత్‌వాషా?

మా నాన్న పాచి నోటితో మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, దొడ్లో వేపచెట్టు నుంచి పుల్ల విరుచుకుని, నమిలి నమిలి కుంచె చేసుకుని, పావుగంట తోముకుంటే గానీ ఆయనకి తెల్లారినట్టు కాదు. అలాంటి మనిషి 78వ ఏట పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడితే ఆరు రోజులు ఆయన నోరు ఎవరూ తెరిచి చూడలేదు. ఆసుపత్రి వాళ్లు చూడలేదు, మేమూ చూడలేదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పోస్తున్నారు కదా, నోట్లో ముద్దే పెట్టనప్పుడు ఇక నోరు కడగాల్సిన పనేముంది అనుకున్నాం.

ఏడో రోజు పొద్దున దగ్గరికి వంగితే వాసన వచ్చింది. ఫోన్ లైటు వేసి చూశాను. అంగిలి నిండా గోధుమరంగు పొర, ఎండిపోయిన చింతపండు తొక్కలా అతుక్కుని ఉంది. నాలుక నెర్రెలు బారింది. పై పెదవి పళ్లకి అంటుకుపోయి, ఆయన ఏదో చెప్పబోతుంటే పెదవి కదలడం లేదు. అప్పటికే కుడి ఊపిరితిత్తికి నిమ్ము, అంటే న్యుమోనియా, చేసింది. అదంతా నోటి వల్లే వచ్చిందని నేను అనను, ఆయనకి మింగడమే పోయింది. కానీ మింగలేని మనిషి నోట్లో ఊరే ఉమ్ము కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతూనే ఉంటుందని, ఆ ఉమ్ములో ఏముంటే అదే లోపలికి పోతుందని డాక్టర్ చెప్పినప్పుడు, ఆ చింతపండు తొక్క గుర్తొచ్చి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ తర్వాత నెలన్నర పాటు రోజుకి రెండు మూడుసార్లు నాన్న నోరు నేనే శుభ్రం చేశాను. ఆసుపత్రి కింద మందుల షాపులో అడిగితే బ్రష్షు నుంచి స్పాంజి పుల్లల దాకా, గ్లిజరిన్ నుంచి రంగురంగుల మౌత్‌వాష్‌ల దాకా అన్నీ ఇస్తారు గానీ, ఎవరికి ఏది వాడాలో చెప్పరు. అది తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మీకు అంత టైం ఉండకపోవచ్చు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏదైనా కొనే ముందు ఈ మూడూ చూడండి

మనిషి మెలకువగా ఉన్నారా, మగతలో ఉన్నారా? నీళ్లు మింగితే పొలమారుతోందా? నోట్లో పోసిన నీళ్లు తిరిగి ఉమ్మగలరా? ఎంపికంతా ఈ మూడింటి మీదే ఉంటుంది, వయసు మీద కాదు, జబ్బు పేరు మీదా కాదు. 85 ఏళ్ల పెద్దాయన తుంటి ఎముక ఆపరేషన్ అయి పడుకున్నా, మెలకువగా ఉండి ఉమ్మగలిగితే తలవైపు మంచం ఎత్తి, చేతికి బ్రష్షు ఇచ్చి, కిడ్నీ ట్రే (ఉమ్మడానికి పట్టే వంపు గిన్నె) గడ్డం కింద పట్టుకుంటే చాలు, ఆయనే తోముకుంటారు. చేయి వణుకుతుంటే బ్రష్షు పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. అలా చేసుకోగలిగిన వాళ్ల దగ్గర ఆ పని మనం లాక్కోకూడదు.

మెలకువగా ఉన్నా మింగలేని వాళ్ల దగ్గర నోట్లో నీళ్లు పోసే పద్ధతి ఏదైనా ప్రమాదమే. పుక్కిలించమనడం, చెంచాతో మౌత్‌వాష్ పోయడం, సిరంజితో నీళ్లు కొట్టడం, ఇవేవీ వద్దు. మింగగలరో లేదో మీకు మీరే నిర్ణయించుకోకండి, డాక్టర్‌నో స్పీచ్ థెరపిస్టునో అడగండి. మా నాన్నకి దగ్గు రాలేదు కాబట్టి బాగానే మింగుతున్నారని మేం అనుకున్నాం. కానీ పక్షవాతం వచ్చిన కొందరికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గే రాదట.

పూర్తిగా స్పృహ లేని వాళ్లకీ, వెంటిలేటర్ మీద ఉన్న వాళ్లకీ నోరు శుభ్రం చేయడం సిస్టర్ల పని, సక్షన్ (నోట్లోని ఉమ్మూ నీళ్లూ గొట్టంతో లాగేసే పరికరం) పక్కన పెట్టుకుని చేసే పని. అక్కడ మనం చేయగలిగింది అడగడం. అది చిన్న పనేమీ కాదు, కింద మళ్లీ చెబుతాను.

బ్రష్షు, గాజ్, స్పాంజి పుల్ల

నా ఓటు బ్రష్షుకే. పళ్లున్న ప్రతి పేషెంటుకీ, నోరు కొంచెమైనా తెరవగలిగితే, బ్రష్షే. పాచి అంటే పళ్లకి పట్టిన జిగురు పొర, సూక్ష్మక్రిములు కట్టుకున్న గూడు లాంటిది. దాన్ని రుద్ది ఊడదీయాలి, తడిపితే పోదు. జిడ్డు పట్టిన మూకుడు మీద నీళ్లు పోస్తే జిడ్డు పోతుందా? పీచు పెట్టి తోమాల్సిందే కదా. ఇదీ అంతే.

ఇది నా అనుభవం ఒక్కటే కాదు. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ల పాటు ఒక పరిశోధన చేశారు. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొందరు పెద్దవాళ్లకి ప్రతి భోజనం తర్వాత సిబ్బందే పళ్లు తోమారు, వారానికోసారి పళ్ల డాక్టర్లు వచ్చి చూసేవాళ్లు. మిగతావాళ్లని ఎప్పటిలాగే వదిలేశారు. తోమిన వాళ్లలో నూటికి 11 మందికి న్యుమోనియా వస్తే, వదిలేసిన వాళ్లలో 19 మందికి వచ్చింది. ఆసుపత్రి పేషెంట్ల మీద జరిగిన 15 ట్రయల్స్‌ని కలిపి చూసిన విశ్లేషణ ఇంకొకటి 2023 చివర్లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రోజూ పళ్లు తోమిన వాళ్లలో ఆసుపత్రిలో పట్టుకునే న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గిందని తేలింది. ఆ లాభం స్పష్టంగా కనిపించింది వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో. మామూలు వార్డు పేషెంట్ల మీద జరిగిన ట్రయల్స్ తక్కువ, అక్కడ అంత గట్టిగా తేలలేదు. ఇంకో మంచి సంగతి ఏంటంటే రోజుకి రెండుసార్లు తోమినా, మూడుసార్లు తోమినా పెద్ద తేడా కనబడలేదు. ఆఫీసుకి వెళ్లి వచ్చి చూసుకునే వాళ్లకి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు.

బ్రష్షు ఎలాంటిది తీసుకోవాలంటే చిన్నపిల్లలది తీసుకోండి. తల చిన్నగా, కుచ్చు మెత్తగా ఉండాలి. పెద్దవాళ్లు నోరు వేలెడు తెరిచినా అది లోపలికి పోతుంది. ఎలక్ట్రిక్ బ్రష్షు ఉంటే ఉండనివ్వండి గానీ, మతి స్థిమితం తప్పిన వాళ్లు ఆ గుర్రుమనే చప్పుడుకి బెదిరిపోతారు, దానికోసం కొత్తగా డబ్బు పెట్టకండి.

గాజ్ గుడ్డ విషయానికొస్తే, మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఫోర్సెప్స్‌కి (చిన్న పటకారుకి) గాజ్ చుట్టి, మందులో ముంచి నోరంతా తుడుస్తారు. పళ్లు లేని చిగుళ్లకీ, అంగిలికీ, బుగ్గల లోపలికీ ఇది చాలా బాగుంటుంది. కానీ పళ్ల సందుల్లోకి, చిగురు అంచుల్లోకి గాజ్ పోదు, పాచి సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకని పళ్లున్న వాళ్లకి గాజ్ ఒక్కటే చాలదు. గాజ్ వేలికి చుట్టుకుని నోట్లో పెట్టే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి వద్దు. మగతలో ఉన్నవాళ్లు తెలియకుండానే గట్టిగా కొరికేస్తారు. మా పక్క మంచం వాళ్లబ్బాయి వేలికి గోరు నల్లబడేంత గాటు పడింది.

అయితే ఎండిపోయి అతుక్కున్న పొరని తీయడానికి గాజే కావాలి. సిస్టర్ ఒకావిడ నాకు చేయి పట్టి నేర్పింది. గాజ్ ముక్కని నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, ఆ పొర మీద ఆనించి పట్టుకోమంది. లాగొద్దు, గీకొద్దు, నానే దాకా ఆగమంది. పది నిమిషాలకి ఒక మూల మెత్తబడి లేచింది. ఆ మూల వరకే తీసి, మళ్లీ రెండు గంటలకి ఇంకాస్త. మొత్తం పోవడానికి రెండు రోజులు పట్టింది. బలవంతంగా లాగి ఉంటే కింద చర్మం లేచి రక్తం వచ్చేదని ఆవిడ చెప్పింది. నా టెన్షన్ చూసి, "కంగారు పడకు తల్లీ, నానితే అదే వస్తుంది" అంది.

స్పాంజి పుల్లలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, నోటికి మెత్తగా ఉంటాయి, పేషెంట్లు కూడా ఎక్కువగా ఎదురు తిరగరు. నోరు తడపడానికి, పెదవులు తడపడానికి బాగుంటాయి. పాచి తీయడంలో మాత్రం బ్రష్షు ముందు నిలవవు. పైగా ఆ స్పాంజి ముక్క పుల్ల నుంచి ఊడి నోట్లో ఉండిపోయే ప్రమాదం ఉంది, బ్రిటన్‌లో వైద్య పరికరాల నియంత్రణ సంస్థ 2012లో దీని మీదే హెచ్చరిక జారీ చేసింది. వాడే ముందు స్పాంజిని లాగి చూడండి, నీళ్లలో నానబెట్టి ఉంచకండి, కొరికే అలవాటున్న వాళ్లకి అసలు వాడకండి.

సక్షన్ బ్రష్షు అని ఇంకొకటి ఉంది. బ్రష్షు పిడిలోంచి సన్నటి గొట్టం ఉంటుంది, దాన్ని గోడకున్న సక్షన్‌కి తగిలిస్తే తోముతూ ఉండగానే ఉమ్మూ నీళ్లూ లాగేస్తుంది. మింగలేని వాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. సర్జికల్ షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఆసుపత్రిలో లేకపోతే మీరే కొనిచ్చి, సిస్టర్ చేత వాడించండి. సక్షన్ ఎంత ఒత్తిడిలో పెట్టాలో తెలియకుండా మనం తిప్పకూడదు.

దేంట్లో ముంచి తోమాలి

ఇక్కడే డబ్బులు ఎక్కువ ఖర్చవుతాయి, తేడా మాత్రం తక్కువ.

క్లోర్‌హెక్సిడిన్ అనే మందు మన దగ్గర 0.2 శాతం మౌత్‌వాష్‌గా దొరుకుతుంది, దాదాపు ప్రతి ఐసీయూలోనూ ఒక సీసా ఉంటుంది. క్రిముల్ని చంపుతుంది, నిజమే. చిగుళ్లు వాచి ఉమ్మగలిగే స్థితిలో ఉన్నవాళ్లకి డాక్టర్ కొద్ది రోజులకి రాస్తే వాడొచ్చు. కానీ పళ్లు గోధుమరంగు తిరుగుతాయి, నాలుకకి రుచి తెలియకుండా పోతుంది. అసలే తిండి సహించని మనిషికి రుచి కూడా పోతే ఎలా? ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. వెంటిలేటర్ పేషెంట్లకి ఇది రోజూ పూయడం ఒకప్పుడు తప్పనిసరి అన్నట్టు ఉండేది. తర్వాత వచ్చిన విశ్లేషణల్లో దీనివల్ల మరణాలు కొంచెం పెరుగుతున్నాయేమో అన్న అనుమానం వచ్చింది. అమెరికాలో ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల మీద పనిచేసే నిపుణుల సంఘాలు 2022లో తమ సూచనలు మార్చుకుని, వెంటిలేటర్ పేషెంట్లకి పళ్లు తోమండి, క్లోర్‌హెక్సిడిన్ మాత్రం వద్దు అని రాశాయి. మీ వాళ్లకి వాడుతుంటే గొడవ పడకండి, "ఇది ఎందుకు వాడుతున్నారు, పళ్లు తోముతున్నారా" అని డ్యూటీ డాక్టర్‌ని మర్యాదగా అడగండి. పేస్టుతో తోమిన వెంటనే ఇది వాడితే పనిచేయదు, మధ్యలో అరగంట గ్యాప్ ఉండాలి.

పోవిడోన్ అయోడిన్ గార్గిల్ కూడా అంతే, డాక్టర్ చెబితేనే. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లయితే ఆ మాట ముందే చెప్పాలి.

రోజువారీ పనికి నేను వాడింది వంట సోడా. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా. జిగటగా సాగే ఉమ్మిని ఇది పలచబరుస్తుంది, నోటికి మంట పుట్టదు. ఏ పూటకి ఆ పూట కొత్తగా కలుపుకోవాలి. ఉప్పు నీళ్లు కూడా మంచివే గానీ నోరు పగిలి ఉన్నప్పుడు చురుక్కుమంటాయి, సెలైన్ అయితే అంత మంట ఉండదు. ఇవేవీ లేకపోతే ఉత్త మంచినీళ్లు. నిజంగా, ఉత్త మంచినీళ్లతో సరిగ్గా తోమిన నోరు, ఖరీదైన మౌత్‌వాష్ పూసి వదిలేసిన నోటికన్నా శుభ్రంగా ఉంటుంది. స్పిరిట్ కలిసిన, ఘాటుగా ఉండే మౌత్‌వాష్‌లు వద్దే వద్దు, ఎండిన నోటిని ఇంకా ఎండబెడతాయి.

గ్లిజరిన్ పూయడం మన దగ్గర చాలా పాత అలవాటు. పూసిన వెంటనే మెరుస్తుంది, తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ గ్లిజరిన్ చర్మంలోని నీటినే లాగుతుంది కాబట్టి కాసేపటికి నోరు ఇంకా ఎండిపోతుంది. నిమ్మ కలిపిన గ్లిజరిన్ పుల్లలైతే ఇంకా అన్యాయం, ఆ పులుపు పళ్ల పైపొరని తినేస్తుంది. నోరు మరీ ఎండిపోతుంటే కృత్రిమ లాలాజలం అని జెల్, స్ప్రే దొరుకుతాయి. మింగలేని వాళ్లకి స్ప్రే కన్నా జెల్ పలచగా రాయడం మంచిది.

పేస్టు వాడాలంటే ఫ్లోరైడ్ ఉన్నది, బియ్యపు గింజంత. అంతకు మించితే నురగ వస్తుంది, ఉమ్మలేని మనిషికి ఆ నురగే ఊపిరి ఆడనివ్వదు. పళ్లపొడి వద్దు, పొడి గొంతులోకి పోతే దగ్గు ఆగదు. మా నాన్నకి వేపపుల్ల ఇవ్వమని మా మేనత్త రోజూ ఫోన్ చేసేది. ఇవ్వాలని నాకూ ఉండేది. కానీ పుల్ల నమలాలంటే దవడ బలం కావాలి, పీచు నోట్లో విడిపోతుంది, ఆ రసం ఉమ్మాలి. ఆయనకి ఆ మూడూ లేవు. నూనె పుక్కిలించడం కూడా ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసుకునే పని. నూనె చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే అదే వేరే రకం న్యుమోనియా తెస్తుంది.

ఎలా చేయాలో ఒకసారి

మాస్కు, గొట్టం ఏదున్నా ముందు సిస్టర్‌ని అడగండి. ఆక్సిజన్ ఎంతసేపు తీయొచ్చో, బైపాప్ మాస్కు (ఒత్తిడితో గాలి పంపే ఊపిరి యంత్రం మాస్కు) తీయొచ్చో లేదో వాళ్లే చెప్పాలి. గొట్టంలో పాలు పోసిన వెంటనే మొదలుపెట్టకండి, వాంతి అవుతుంది. గంట ఆగితే మంచిది. తలవైపు మంచం బాగా ఎత్తండి. కూర్చోలేకపోతే పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి, బుగ్గ కింద తువ్వాలు వేయండి. వెల్లకిలా పడుకోబెట్టి మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, వాళ్ల మొహానికి సమానంగా కూర్చోండి. మీదికి వంగి నిలబడితే వాళ్లకి భయం. "నాన్నా, పళ్లు తోముతాను" అని చెప్పాకే ముట్టుకోండి, స్పృహ లేదనుకున్నా సరే. బ్రష్షు నీళ్లలో ముంచి, విదిలించి, ముందు పెదవి కొద్దిగా పక్కకి జరిపి బయటివైపు పళ్లు తోమండి, దానికి నోరు తెరవాల్సిన పని లేదు. ఆ స్పర్శకి అలవాటు పడ్డాక చాలామంది వాళ్లంతట వాళ్లే నోరు తెరుస్తారు. వెనక నుంచి ముందుకి, చిన్న చిన్నగా, చిగురు అంచు మీద. మధ్యమధ్యలో బ్రష్షుని గ్లాసులో జాడించి, గుడ్డకి అద్ది, మళ్లీ. చివర్లో పిండిన గాజ్‌తో నాలుక, అంగిలి, బుగ్గలు తుడవండి. నాలుక బద్దతో లోపలి దాకా గీకితే వాంతి వస్తుంది, నాలుక ముందు సగం వరకూ మెత్తటి బ్రష్షు చాలు.

పక్షవాతం వచ్చిన వాళ్లకి చచ్చుబడిన వైపు బుగ్గలో తప్పనిసరిగా చూడండి. అటువైపు స్పర్శ సరిగా ఉండకపోవచ్చు కాబట్టి తిన్నది అక్కడే ఆగిపోతుంది. నాన్న మళ్లీ మెత్తగా తినడం మొదలుపెట్టాక, పొద్దున పెట్టిన ఇడ్లీ ముక్క మధ్యాహ్నం రెండింటికి ఎడమ బుగ్గలో దొరికింది. ఇంకో రోజు సగం కరిగిన మాత్ర. ఆ మాత్ర వేసుకున్నట్టు చార్టులో రాసి ఉంది.

చిగుళ్ల నుంచి కొంచెం రక్తం వస్తే భయపడి ఆపేయకండి, వాచిన చిగుళ్లు మొదట్లో కారుతాయి, నాలుగైదు రోజులు తోమితే తగ్గుతాయి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నా ముందే డాక్టర్‌ని అడగండి. కారడం ఆగకపోతే వెంటనే చెప్పండి.

తోమాక బ్రష్షు కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి, తడిగా కవర్లో పెట్టకండి.

పెదవులకి ఏం రాయాలి అంటారా? మనవాళ్లు వెన్న, నెయ్యి, కొబ్బరినూనె రాస్తారు, లేదంటే వ్యాజిలిన్. ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు పెట్రోలియం జెల్లీ, నూనె, నెయ్యి లాంటివి రాయొద్దంటారు, అవి మండే గుణం ఉన్నవి. నీటి ఆధారంగా చేసిన జెల్ గానీ క్రీము గానీ అడిగి తీసుకోండి. ఆక్సిజన్ లేకపోతే నెయ్యి చుక్క పెదవి మీద వరకే, నోట్లోకి కాదు.

కట్టుడు పళ్లు: పెట్టాలా, తీయాలా

స్పృహ సరిగా లేని వాళ్లకి తీసేయాలి, అందులో రెండో మాట లేదు, జారి గొంతుకి అడ్డం పడతాయి. మెలకువగా ఉండి తింటున్న వాళ్లకి పగలు పెట్టి, రాత్రి తీయాలి. పగలు కూడా తీసేసి పెట్టేస్తే వాళ్లు నమలలేరు, వాళ్ల మాట అర్థం కాదు, మనుషులు వచ్చినప్పుడు మొహం తిప్పుకుంటారు. రాత్రి పెట్టే పడుకోబెడితే కింద చిగుళ్లకి గాలి ఆడక పూత వస్తుంది. తీశాక వాటిని బ్రష్షుతో, మామూలు సబ్బు నీళ్లతో తోమి, చల్లటి నీళ్లలో వేయాలి. వేడి నీళ్లలో వేస్తే వంకర పోతాయి. పేస్టుతో తోమితే గీతలు పడి ఆ గీతల్లో క్రిములు చేరతాయి. పళ్లు తీశాక చిగుళ్లనీ అంగిలినీ తుడవడం మర్చిపోకండి.

మూత ఉన్న డబ్బా కొని దాని మీద పేరు, మంచం నంబరు రాయండి. మా వార్డులోనే ఒక పెద్దావిడ పళ్లు ఎవరో టిష్యూ పేపర్లో చుట్టి భోజనం ట్రేలో పెట్టారు, ట్రేతో పాటు అవీ చెత్తబుట్టలోకి పోయాయి. డిశ్చార్జి అయ్యే దాకా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

నోట్లో పెరుగు అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తే, తుడిస్తే కింద ఎర్రగా ఉంటే, అది ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్స్ వాడుతున్న వాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ వస్తుంది. దానికి వేరే మందు ఉంటుంది, డాక్టర్‌కి చూపించండి. కట్టుడు పళ్లని కూడా శుభ్రం చేయకపోతే ఆ ఫంగస్ మళ్లీ మళ్లీ వస్తుంది.

సిస్టరా, మనమా, కూలికి పెట్టుకున్న మనిషా

వార్డులో సిస్టర్‌కి ఎంతమంది పేషెంట్లుంటారో మీరు చూసే ఉంటారు. ఇంజెక్షన్లు, సెలైన్లు, రిపోర్టుల మధ్య నోరు వెనకపడిపోతుంది, వాళ్లని తప్పు పట్టలేం. మామూలు వార్డులో మనిషి మెలకువగా ఉంటే ఇంట్లోవాళ్లు చేయడమే మేలు, మొదటిసారి మాత్రం సిస్టర్ పక్కన ఉండగా చేయండి. రాత్రీ పగలూ కూలికి మనిషిని పెట్టుకుంటే, ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం బాగానే చేస్తారు, నోరు మాత్రం చెప్పనిదే ముట్టుకోరు. ఒకసారి మీరు చేసి చూపించండి, తర్వాత వాళ్ల చేత మీ ముందు చేయించండి.

ఐసీయూలో మనకి దొరికేది పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. ఆ టైంలో బీపీ ఎంత, షుగర్ ఎంత అని అడుగుతాం కదా, దానితో పాటు "ఇవాళ నోరు శుభ్రం చేశారా, బ్రష్షుతోనా గాజ్‌తోనా" అని అడగండి. మెత్తటి బ్రష్షు ఒకటి కొని పేరు రాసి వాళ్ల చేతికి ఇవ్వండి. నేను ఇచ్చిన మర్నాడు నుంచి పక్క మంచాల వాళ్లు కూడా తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

నోరు గట్టిగా మూసేసుకుని తల తిప్పేసేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు. బలవంతంగా తెరవకండి. బ్రష్షు వాళ్ల చేతిలోనే పెట్టి, ఆ చేతి మీద మీ చేయి వేసి నోటి దాకా తీసుకెళ్లండి. చాలాసార్లు పాత అలవాటు చేతికి గుర్తొస్తుంది. అప్పటికీ వద్దంటే అరగంట ఆగి మళ్లీ రండి.

ఇక కోలుకోరని డాక్టర్లు చెప్పాక

అప్పుడు ఎంపిక మారుతుంది. పాచి పూర్తిగా పోయిందా లేదా అన్నది అప్పుడు లెక్కలోకి రాదు. మనిషికి నోరు ఎండిపోయి బాధగా ఉందా అన్నదే చూడాలి. వాళ్లకి ఇబ్బందిగా ఉంటే బ్రష్షు పక్కన పెట్టేయండి. గంటకో రెండు గంటలకో తడి గాజ్‌తోనో స్పాంజితోనో పెదవులూ, బుగ్గల లోపలా తడపండి. ఉత్త నీళ్లే కానక్కర్లేదు. కొబ్బరినీళ్లు ఇష్టమైతే కొబ్బరినీళ్లలో, కాఫీ ఇష్టమైతే చల్లారిన కాఫీలో ముంచి పిండి నాలుక చివర అద్దవచ్చు.

చివరి ఘడియల్లో తులసి తీర్థం పోయడం మన ఇళ్లలో ఉన్నదే. కొడుకులూ కూతుళ్లూ మనవలూ వరసగా వచ్చి తలా ఒక చెంచా పోస్తారు. మింగలేని మనిషి గొంతులో ఆ నీళ్లు గరగరలాడతాయి, చివరి ఊపిరికి అవే అడ్డం పడతాయి. తీర్థం మానమని నేను అనడం లేదు. గాజ్ ముక్క గానీ, తులసి ఆకు గానీ ఆ తీర్థంలో ముంచి, పిండి, పెదవుల మీద అద్దండి. మా మేనత్త పోయినప్పుడు మేం అలాగే చేశాం. వచ్చిన వాళ్లందరికీ చెంచా బదులు తడి తులసి ఆకు చేతికిచ్చాను, ఒక్కరు కూడా కాదనలేదు.